తాత్కాలిక బడి అయినా మంచి బడే కావాలె



‘తాత్కాలికం’ అనే మాట మనకు కొత్త కాదు. తాత్కాలిక ఉద్యోగం, తాత్కాలిక ఉత్తర్వు, తాత్కాలిక షెడ్డు. పేరుకే తాత్కాలికం. ఏండ్లు గడిచినా కదలదు.

పాత బడి పెచ్చులూడిందనో, గదులు చాలవనో నాలుగు ఇనుప గొట్టాలు పాతి పైన రేకులు వేస్తారు. కొత్త భవనం వచ్చేదాకా సర్దుకోండి అంటారు. సర్దుకునేది ఎవరు? ఆరేండ్ల పిల్ల. ఒకటో తరగతి, రెండో తరగతి ఆ రేకుల కిందనే అయిపోతయి. కొత్త భవనం వచ్చినా ఆ రెండేండ్లు తిరిగి రావు. ఆ పిల్లకు షెడ్డే అసలు బడి.

మనం దీక్షా శిబిరాల్లో కూర్చున్నవాళ్లం. షామియానా కింద మిట్టమధ్యాహ్నం ఎట్లుంటదో తెలుసు. ఓర్వలేకపోతే లేచి చెట్టు నీడకు పోయేటోళ్లం. క్లాసులో పిల్ల ఎక్కడికి పోతది? మా విలేకరుల తప్పు కూడా ఒప్పుకోవాలె. బడి కూలితే వార్త రాస్తాం. ఉక్కపోతలో పిల్లలు సొమ్మసిల్లితే, వాన చప్పుడుకు టీచర్ మాట వినపడకపోతే అది మాకు వార్త కాలేదు.

నిర్లక్ష్యం ఎక్కడిదాకా పోతదో కుంభకోణం చూపించింది. 2004 జూలై 16న అక్కడ ఒక బడిలో వంటపొయ్యి మంట ఆకుల పైకప్పుకు అంటుకున్నది. బయటపడే దారి ఇరుకు మెట్లు. 94 మంది పిల్లలు చనిపోయారు. బడులన్నింటిలో అగ్నిప్రమాద రక్షణ ఉండాలని 2009లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

‘మంచిగ కట్టాలంటే టైం పడుతది’ అంటారు. చైనా సంగతి చూడండి. 2008 మే 12న సిచువాన్‌లో భూకంపం వచ్చింది. చెంగ్డు నగరంలో హువాలిన్ ప్రాథమిక బడి పిల్లలకు జపాన్ ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ తాత్కాలిక గదులు గీశారు. స్తంభాలు, దూలాలు గట్టి కాగితపు గొట్టాలే. రెండు దేశాల విశ్వవిద్యాలయాల విద్యార్థులు, అధ్యాపకులు స్వచ్ఛందంగా చెయ్యి వేశారు. మూడు భవనాలు, 9 తరగతి గదులు సుమారు 40 రోజుల్లో లేచాయి. ఇదే బాన్ 1995 కోబె భూకంపం తర్వాత కాగితపు గొట్టాలతో కట్టిన చర్చి పదేండ్లు నిలబడ్డది. 2005లో దాన్ని విప్పి తైవాన్‌కు తీసుకుపోయి మళ్లీ నిలబెట్టారు.

మనం కాగితపు బడి అడుగుతలేం. రేకుల షెడ్డే కానీ, పద్ధతిగా కట్టమంటున్నం. పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు ఉంటే పొద్దటి, సాయంత్రపు ఎండ లోపలికి రాదు. రేకు మీద తెల్లసున్నం, రేకు కింద జానెడు సందు విడిచి వెదురు తడికతో సీలింగు వేస్తే వేడి, వాన చప్పుడు రెండూ తగ్గుతయి. అయితే తడిక నిప్పుకు అంటుకునేదే, అందుకే వంట దూరంగా ఉండాలె. వేడిగాలి పోయేటందుకు కప్పు కొనకు సందు, ముంగట వెడల్పు చూరు, వరద నీళ్లకు అందని అరుగు కావాలె. కిటికీ, నల్లబల్ల పిల్లల ఎత్తుకు ఉండాలె. ప్రతి గదికి రెండు తలుపులు, బయటికి తెరుచుకునేవి. వెల్డింగుకు బదులు బోల్టులు బిగిస్తే రేపు విప్పి ఇంకో ఊరి బడికి పంపొచ్చు.

ఇంజనీరింగ్ విద్యార్థులారా, మీ ప్రాజెక్టుకు మీ ఊరి బడినే తీసుకోండి. ఉద్యోగ మిత్రులారా, అంచనాలు రాసేది, బిల్లులు పాస్ చేసేది మీ చేతులే. ‘తాత్కాలికం’ అని రాసినచోట ఎన్ని నెలలో, ఏ తేదీ దాకానో రాయండి. ఆ తేదీ దాటితే అడగడానికి తల్లిదండ్రులతో పాటు మనం కూడా పోదాం.