బాయిల దీపం లెక్క.. బడిల పిల్లల లెక్క

(మందమర్రిలో ఒక ప్రాథమిక పాఠశాల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



పిల్లల క్షేమం, భద్రత, మంచి నడవడి గురించి నాలుగు మాటలు చెప్పుమన్నరు. నేను పంతులును కాదు. డిగ్రీ చదివి పత్రికల పనిచేస్తున్న. ఉద్యమంల జెండా పట్టుకొని ఇదే రోడ్ల మీద తిరిగినోణ్ని. అన్నిటికన్న ముందు బొగ్గుబాయి కార్మికుని కొడుకును. అందుకే నాకు ఎరుకైన బాయి ముచ్చటతోనే మొదలువెడుత.

నేను మూడో తరగతి చదివేటప్పటి సంగతి. ఒకనాడు రాత్రి బాపు పనిచేసే బాయిల కప్పు కూలిందని వాడకట్టంత గుప్పుమన్నది. మా అమ్మ నన్ను రెక్క పట్టుకొని బాయి గేటు కాడికి ఉరికింది. తెల్లారేదాక అక్కడనే నిలబడ్డం. బాపు పైకొచ్చిండు. ఆయనను చూసి అమ్మ నవ్వలేదు, ఏడ్వలేదు, కిందనే కూలబడ్డది. నేను ఇంటికొచ్చి మొఖం కడుక్కొని బడికి పోయిన. ఎక్కాలు రాసుకపోలేదు. సారు కట్టె స్కేలుతోటి వేళ్ల కణుపుల మీద కొట్టిండు. ఎందుకు రాయలేదో అడగలేదు. అడిగితే చెప్పేటోణ్ని.

తెల్లారి నుంచి బడికని పోయి రైలుపట్టాల పక్కన చెట్ల కింద కూసున్న. పదిరోజులు గట్లనే గడిచినయి. బడిల నా పేరు ముందర పది సున్నాలు పడ్డయి. ‘పోరగాడు ఎటుపోయిండు’ అని అడిగినోళ్లు లేరు.

ఆ సారు చెడ్డ మనిషని నేను అనను. ఒక్క గదిల డెబ్బై మందిమి, ఆయన ఒక్కడు. తప్పు ఒక్క మనిషిది కాదు, అక్కడ లెక్క లేకపోవుడు.

మరి బాయిల లెక్క ఎట్లుంటది? ఇక్కడున్న అన్నలకు నేను చెప్పేదేముంది. దిగేటప్పుడు ల్యాంపు రూంల దీపం తీసుకుంటరు. దీపానికి నంబరుంటది. షిఫ్టు అయినంక ఆ దీపం వాపసు రాకపోతే మనిషి ఇంకా లోపలున్నట్టే. వెతుకుతరు. ఇంకో సంగతి. పని మొదలుకాకముందే మైనింగ్ సర్దార్ పోయి పనిజాగ చూస్తడు. గ్యాస్ ఉన్నదా చూస్తడు. కర్రతోటి కప్పును తట్టి చప్పుడు వింటడు. చప్పుడు గట్టిగ ఉంటే పని. బోలుగ వినిపిస్తే, కట్టుదిట్టం చేసేదాక ఎవరినీ పోనియ్యడు.

ఇన్ని ఉన్నా మనకు గండాలు తప్పలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిల నీళ్లు చొరబడి 17 మంది పోయిండ్రు. రక్షణల ఎక్కడ సందు పడ్డా ఏమైతదో ఈ బొగ్గు గడ్డకు వేరే చెప్పాల్నా?

నేను అడిగేది ఒక్కటే. బాపు పోయే బాయికున్న లెక్క, బిడ్డ పోయే బడికి ఎందుకు ఉండొద్దు?

మొదట కడుపు సంగతి. 2001 నవంబర్‌ల సుప్రీంకోర్టు ప్రాథమిక బడుల్ల వండిన అన్నం పెట్టాలన్నది. 2003 జనవరి నుంచి ఉమ్మడి రాష్ట్రంల మధ్యాహ్న భోజనం మొదలైంది. పిల్లలకు వడ్డించకముందు టీచరు సహా పెద్దోళ్లు తిని చూడాలని నిబంధన ఉన్నది. సర్దార్ కప్పు తట్టి చూసుడు అసొంటిదే ఇది. 2013ల బీహార్‌ల ఒక ఊరి బడిల విషం కలిసిన అన్నం తిని 23 మంది పిల్లలు సచ్చిపోయిండ్రు. అది దూరం అంటరా? 2024ల మన పక్క జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలల తిండి వికటించి పిల్లలు ఆస్పత్రి పాలైండ్రు. ఒక ఆడబిడ్డ హైదరాబాద్ నిమ్స్‌ల ప్రాణం విడిచింది. మన రాష్ట్రంల, మన బిడ్డ. 2014ల రాష్ట్రం తెచ్చుకున్నది ఇందుకు కాదు గదా!

వంటగది సంగతి కూడ చూడాలె. 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంల బడి వంటగదిల లేసిన మంట పైనున్న ఆకుల కప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు కాలిపోయిండ్రు. దారి సంగతి కూడ అంతే. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట కాడ కాపలా లేని గేటు దాటుతున్న బడి బస్సును రైలు గుద్దింది. పదిమందికి పైగా పసిపిల్లలు పోయిండ్రు. మన రోడ్ల మీద బొగ్గు టిప్పర్లు ఎట్ల ఉరుకుతయో మీకు ఎరుకే. ఆటోల పిల్లలను మూటల తీరుగ కుక్కి పంపేది మనమే. డ్రైవర్‌ను తిట్టేముందు మనల్ని మనం అడుగుదాం.

రెండోది దెబ్బల సంగతి. మన దగ్గర ఒక మాటున్నది. పిల్లగాన్ని బడిల వేసేటప్పుడు ‘సారూ, కండ్లు రెండు ఇడిసిపెట్టి తోలు తియ్యుండ్రి’ అంటం. ప్రేమతోనే అంటం. బిడ్డ మన లెక్క బాయిల పడొద్దని అంటం. కాని చట్టం ఏమంటది? 2002ల్నే ఉమ్మడి ప్రభుత్వం జీవో తెచ్చి బడుల్ల కొట్టుడు నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్, కొట్టుడే కాదు, మనసు నొచ్చేటట్టు అవమానించుడు కూడ నిషేధించింది. అంతకుముందు 2007ల కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్ల జరిపించిన అధ్యయనంల, బడికి పోయే ముగ్గురిల ఇద్దరు దెబ్బలు తింటున్నమని చెప్పిండ్రు. అందుల మన ఉమ్మడి రాష్ట్రం కూడ ఉన్నది.

దెబ్బకు భయపడ్డ పిల్లగాడు ఎక్కం నేర్వడు, అబద్ధం నేరుస్తడు. నేను నేర్చిన. పదిరోజులు అమ్మకు అబద్ధం చెప్పిన. అంతకన్న పెద్ద ప్రమాదం ఇంకోటున్నది. పెద్దోళ్లంటే భయపడే బిడ్డ, ఎవడన్న చెడ్డగ చెయ్యేస్తే ఎవరికి చెప్పుకుంటది? 2012ల పోక్సో చట్టం వచ్చింది. 1098 ఫోన్ నంబరున్నది. అవి బడి గోడ మీద పెద్దక్షరాలతోటి రాయాలె. కాని గోడ మీది నంబరుకన్న ముందు, బిడ్డ మాట నమ్మి వినే ఒక టీచరమ్మ కావాలె.

వినుడు గురించి ఒక కథ కాని కథ. జపాన్ రాజధాని టోక్యోల తొమోయె అనే బడి ఉండె. పాత రైలుపెట్టెలే తరగతి గదులు. అల్లరి ఎక్కువని వేరే బడి నుంచి పంపేసిన ఒక పాపను తల్లి అక్కడికి తోలుకపోయింది. హెడ్మాస్టర్ కొబయాషి ఆ పాపను కూసోబెట్టి ‘నీకు చెప్పాలనిపించింది చెప్పు’ అన్నడు. పాప గంటలకొద్ది చెప్పింది. ఆయన ఆవులించకుంట విన్నడు. 1945ల యుద్ధంల బాంబులు పడి ఆ బడి కాలిపోయింది. ఆ పాప తెత్సుకో కురొయనాగి పెద్దయి 1981ల దాని గురించి రాసిన పుస్తకమే తెలుగుల ‘రైలుబడి’. బడి బూడిదయినా, విన్న మనిషి యాది మిగిలింది.

ఇగ మూడోది, నడవడి. నీతి పద్యాలు బట్టీ పట్టిస్తే నడవడి రాదు. బడిల పెద్దోళ్లు ఎట్లుంటరో పిల్లలు అట్ల తయారైతరు. అన్నం కాడ ఎవరిని ఎవరి పక్కన కూసోబెడుతున్నరు? చీపురు ఎప్పుడూ ఎవరి చేతికిస్తున్నరు? వంట చేసే అక్క కులం ఏందని ఎవరన్న అడుగుతున్నరా? ఇవి చూసి పిల్లలు మనిషిని కొలుసుడు నేరుస్తరు. అందరి పిల్లలు వంతులవారిగ ఊడ్చి, ఒక్క వరుసల కూసొని తింటే అదే నీతిపాఠం. ఇంట్ల మనం తాగొచ్చి తల్లిని తిడుతుంటే, ఆ పాఠాన్ని మనమే చెరిపేసినట్టు.

ఇగ ఏం చేద్దాం? పెద్ద బిల్డింగులు, కంప్యూటర్లు నేను అడుగుతలేను. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీల నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగంమంది ఆడోళ్లు ఉండాలె. సంతకం పెట్టి పోయే కమిటీ కాదు, బాయిల రక్షణ కమిటీ లెక్క తిరిగి చూసే కమిటీ కావాలె. వారానికి ఒకనాడు ఇద్దరు తల్లులు వంట, నీళ్లు, మరుగుదొడ్లు చూడాలె. పిల్లగాడు రెండు రోజులు రాకపోతే మూడోనాడు ఇంటికి కబురు పోవాలె. టీచర్లు తక్కువుంటే సార్లను తిట్టుడు కాదు, మనమే పోయి అధికారులను అడగాలె. ముప్పై మందికి ఒక టీచరు ఉండాలని చట్టమే చెప్తున్నది. అడుగుడు మనకు కొత్త కాదు గదా?

ఆఖరికి ఒక మాట. 2011ల సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. బాయిలు బందయినయి, బళ్లు బందయినయి. పిల్లలు చదువు పోగొట్టుకొని మన వెంట నిలబడ్డరు. వాళ్లకు ఓటు లేదు, సంఘం లేదు, అయినా ఉద్యమానికి వాళ్లు కూడ బాకీ కట్టిండ్రు. మనం వాళ్లకు తిరిగి కట్టాల్సిన బాకీ ఇంకా ఉన్నది.

రేపు పొద్దుగాల హాజరు పట్టీల ఒక పేరుకు జవాబు రాకపోతే, సారూ, సున్నా పెట్టి ముందుకు పోకుండ్రి. దీపం వాపసు రాలేదనుకోండ్రి. ఆ పిల్లగాడు ఏ చెట్టు కింద కూసున్నడో, ఒక్కసారి వెతుకుండ్రి.

సెలవు.