బీమా పత్రములోని మాటలు
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇటువంటి ఉత్సవములలో కావ్యములను గూర్చియో, పురాణములను గూర్చియో ముచ్చటించుట పరిపాటి. నన్ను మాత్రము కార్యదర్శిగారు బీమాను గూర్చి మాట్లాడుమని కోరిరి. నేను ముప్పదియైదేండ్లు ఆ కొలువులో నుండుటయే దీనికి కారణము. విషయము రుచిలేనిదే. కాని ఈ సభలో బీమా పత్రము ఇంట లేనివారు కొద్దిమంది; దానిని చదివినవారు అంతకన్న కొద్దిమంది. అందుచేత గ్రంథాలయమున చెప్పదగిన విషయమే యని ఒప్పుకొంటిని.

పదిమంది చేతికట్టెలు ఒకనికి మోపు అని మన పెద్దల మాట. ఆ మోపును విప్పి మరల పదిమందికి తలకొక కట్టెగా పంచుటయే బీమా. మనము కట్టు సొమ్ము ప్రీమియము. ఒప్పందపు కాగితము పాలసీ. నష్టము కలిగినపుడు మనము కోరునది క్లెయిము. ఇంతవరకు అందరకు తెలిసినదే. చిక్కంతయు ‘బీమా మొత్తము’ అను మాటతో వచ్చును. జీవితబీమాలో మనిషి పోయినచో, పాలసీ చెల్లుబడిలో నున్నంతవరకు, ఆ మొత్తము నామినీకి ముట్టును. ప్రాణమునకు వెల కట్టలేము గనుక అచ్చట ముందుగా వ్రాసికొన్న మొత్తమే ప్రమాణము. ఇల్లు, సరకు, యంత్రము మొదలగువాని బీమాలో అట్లు కాదు. అచ్చట కంపెనీ ఇచ్చునది నష్టపూర్తి మాత్రమే. బీమా మొత్తము దానికి పైహద్దు. ఈ భేదమును నేను పుస్తకములో చదివి ఉద్యోగమున చేరితిని గాని, నిజముగా నేర్చికొన్నది ఒక కాలిన దుకాణము ముందర నిలువబడి.

1983లో మా తండ్రిగారి స్నేహితులొకరు, నేను బాబాయిగారూ అని పిలుచు పెద్దమనిషి, తమ బట్టల దుకాణమునకు అగ్నిబీమా చేయింపగోరిరి. కొట్టులో ఎనుబదివేల సరకు గలదు. “నలుబదివేలకే వ్రాయుము అబ్బాయీ. కొట్టంతయు ఒక్కమారు కాలునా? ప్రీమియము సగమగును గదా” అనిరి. క్రొత్తవాడను, పెద్దవారి మాట కాదనలేక అట్లే వ్రాసితిని. ఏవరేజి అను నిబంధన పాలసీలో నున్నది. దానిని చదివి వినిపింపలేదు. మరు వేసవిలో విద్యుత్తీగ అంటుకొని ముప్పదివేల సరకు దగ్ధమైనది. సర్వేయరు వచ్చి లెక్కగట్టెను. సరకు వెలలో సగమునకే బీమా యున్నది గావున మిగిలిన సగమునకు యజమాని తనకు తానే బీమాదారుడు. నష్టములోను సగము ఆయనదే. చేతికి వచ్చినది పదునైదు వేలు.

“నష్టము ముప్పదివేలు, నీవు వ్రాసినది నలుబదివేలు. ముప్పది నలుబదిలో ఇముడదా?” అని ఆయన నన్నడిగిరి. లెక్క చెప్పితిని. లెక్క సరియైనదే. కాని అది నిప్పుకు ముందు చెప్పవలసిన లెక్క. ఆయన నన్ను ఒక్క పరుషవాక్యమైన ననలేదు. ఆ యేడు మా ఇంట జరిగిన పెండ్లికి మాత్రము రాలేదు.

ఈ నిబంధన నేడు కొంత సడలినది. 2021 ఏప్రిలు మొదలు అమలైన ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో ఇంటికి ఈ కోత లేదు. చిన్న వ్యాపారములకై వచ్చిన ‘భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష’ లో తక్కువ బీమా నూటికి 15 వంతులు మించనంతవరకు ఉపేక్షింతురు. అంతకు మించినచో మా బాబాయిగారి లెక్కయే.

ఇంకొక మాట ‘పరిపూర్ణ విశ్వాసము’. అంగడిలో వంకాయలు కొనునపుడు పుచ్చు చూచికొనుట కొనువాని పని. బీమాలో తన వస్తువు లోపము తనకే తెలియును గనుక, అడిగినది దాచక చెప్పుట బీమా చేయించువాని విధి. రోగమును దాచి ప్రపోజలుపై సంతకము పెట్టుట, ఏజెంటు వ్రాసినదే యైనను, మన సంతకమే. జీవితబీమాలో మూడేండ్లు గడచిన పిమ్మట ఆ నెపముతో పాలసీని ప్రశ్నింపరాదని 2015 నాటి చట్టసవరణ చెప్పుచున్నది. ఆ మూడేండ్లలో మనిషి పోయినపుడే ఇండ్లలో ఏడ్పులు రెట్టింపగును.

ఇక కంపెనీ సంగతి. మన మోపును అది మోయును; దాని మోపును ఎవరు మోయుదురు? ఇది మొదట సముద్రవ్యాపారులకు తట్టిన ప్రశ్న. 1370లో జెనోవానుండి స్లూయీసు రేవునకు పోవు ఓడ సరకునకు బీమా చేసినవాడు, కాడిజు దాటిన తరువాతి ప్రమాదకరమైన దారిని వేరొకరిపై నుంచిన పత్రము నేటికిని దొరకుచున్నది. అదియే పునర్బీమా, రీఇన్సూరెన్సు. లండనులో ఎడ్వర్డు లాయిడు కాఫీకొట్టున వర్తకులు ఓడ వివరముల క్రింద తాము మోయు వంతును వ్రాసి సంతకము చేయుచుండిరి. క్రింద వ్రాయువాడు గనుక అండర్‌రైటరు. నేడు చల్లని గదిలో కూర్చుండి మన ప్రపోజలును ఒప్పుకొనువానికిని అదే పేరు.

1842 మే నెలలో హాంబర్గు నగరమునందు దినముల తరబడి నిప్పు చెలరేగి, స్థానిక బీమానిధులు మోయలేని నష్టము కలిగెను. ఆ అనుభవముపై కొలోను నగరమున పునర్బీమాకే ప్రత్యేకమైన కంపెనీ 1846లో రూపొందెను. 1861లో స్విట్జర్లాండులో గ్లారుసు పట్టణము కాలగా, 1863లో జూరిచ్చున స్విస్ రీ వెలసెను. ఊరు కాలిన తరువాతనే బుద్ధి వచ్చుట మన గ్రామములకే ప్రత్యేకమని తలపనక్కరలేదు.

ఇది ఎట్లు పనిచేయునో మన బియ్యపు మిల్లుతో చూతము. మిల్లు పది కోట్లకు బీమా చేయబడినదనుకొనుడు. కంపెనీ తనకు రెండు కోట్లే తాళగలదని తలచి, ఎనిమిది కోట్లను ఇతరులకు అప్పగించును. తన యొద్ద నుంచుకొన్నది రిటెన్షను; అప్పగించినది సెషను. ప్రీమియములోను అయిదింట నాలుగు వంతులు వారికి పోవును. ఏబది లక్షలు నష్టమైనచో కంపెనీది పది లక్షలు, పునర్బీమాదారులది నలుబది. ఏడాది వ్యాపారమునంతను ముందుగా నొక ఒడంబడికచే పంచుకొనుట ట్రీటీ. ఒక్కొక్క మిల్లును విడిగా చూపి అడుగుట ఫ్యాకల్టేటివ్. ఆ పునర్బీమాదారుడును తన భారములో కొంత మరొకరికి అప్పగించినచో రెట్రోసెషను అందురు.

తుపాను వేరు. నిప్పు ఒక మిల్లును కాల్చును. గాలి వేయి కప్పులను ఒక్కనాడే లేపును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణముపై బడినపుడు విమానాశ్రయపు కప్పు మొదలుకొని చిన్న దుకాణపు రేకు వరకు ఎగిరినవి. ఇట్టి దినమునకు వంతులు చాలవు. “ఒక తుపానులో నూరు కోట్ల వరకు నేను భరింతును, ఆపైన అయిదువందల కోట్ల వరకు నీవు” అను పద్ధతిని ఎక్సెస్ ఆఫ్ లాస్ అందురు. విశాఖపట్టణమును కొట్టిన గాలి అదేదినమున జూరిచ్చును కొట్టదు. దూరదేశములకు భారమును పంపుటలోని రహస్యమంతయు ఇదియే. లోకమున పెద్ద విపత్తులు పెచ్చుమీరిన యేడు పునర్బీమా వెల పెరుగును. మనకు సంబంధములేని తుపాను మన ప్రీమియములో కనబడుటయు ఇందువలననే.

మన దేశమున 1973 జనవరి 1న సాధారణ బీమా జాతీయమైనపుడు వెలసిన జనరల్ ఇన్సూరెన్సు కార్పొరేషను, 2000 నుండి పునర్బీమా సంస్థగా పనిచేయుచున్నది. దేశములోని సాధారణ బీమా కంపెనీలు తమ వ్యాపారములో కొంత వంతు దానికి తప్పక ఈయవలయును. 2022–23లో ఆ వంతు నూటికి 4. వీనినన్నిటిని అదుపుచేయు అధికారసంస్థ మన హైదరాబాదుననే యున్నది.

ఇన్ని చెప్పుట ఒక్క సంగతికొరకు. కొన్నియేండ్ల క్రిందట ఒక మిల్లు యజమానితో, కంపెనీ యేదో చెప్పను గాని, పునర్బీమావారి సొమ్ము రాలేదు, ఓపికపట్టుమని చెప్పిరట. ఆయన నెలల తరబడి ఓపికపట్టి వడ్డీకి అప్పు తెచ్చెను. సాధారణముగా పునర్బీమా ఒప్పందము కంపెనీకిని కంపెనీకిని నడుమ జరుగునది. మనము ఆ దూరపువానిని అడుగలేము. వాడు ఈయలేదని మన కంపెనీ మనకు ఎగవేయరాదు. పత్రముపై సంతకము చేసినది ఎవరో బాధ్యులు వారే. జవాబు రాకున్న అంబుడ్స్‌మన్‌కు వ్రాసికొనవచ్చును. వ్యక్తులకు, చిన్న వ్యాపారులకు ఆ దారి యున్నది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

ఈ ఉపన్యాసమునకు సిద్ధపడుచు మన గ్రంథాలయపు పాలసీని కార్యదర్శిగారి నడిగి చూచితిని. పాలసీ యున్నది, ప్రీమియము తప్పక కట్టుచున్నారు. దానిలో భవనము, బల్లలు, బీరువాలు కలవు. పుస్తకముల మాట ఎచ్చటను లేదు. బీరువా కాలిన వెల వచ్చును, అందులోని పుస్తకములకు రాదు. ఇరువదియైదేండ్ల చేర్పుల పట్టికను తీసి ఒక్కొక్క పుస్తకమునకు నేటి వెల వేయవలసి యున్నది. రేపు ఉదయము ఏడు గంటలకు పట్టిక తెచ్చెదమని కార్యదర్శిగారనిరి. చక్కని దస్తూరి గల విద్యార్థులు ఇద్దరు వచ్చినచో పని మధ్యాహ్నమునకు ముగియును.