అదే ఇంటి తలుపు మళ్లీ తట్టాలి

ఒక ఊళ్లో పిల్లల ఎత్తు ఈ రోజు కొలిస్తే ఎవరు గిడసబారారో తెలుస్తుంది. వాళ్లలో ఎవరు తేరుకుంటారో, ఎందుకు తేరుకుంటారో తెలియాలంటే అదే పిల్లల్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కలవాలి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం చేసింది ఇదే. ఇథియోపియా, పెరూ, వియత్నాంలలోనూ సాగిన ఈ అధ్యయనం ఇక్కడ సుమారు 3,000 మంది పిల్లల్ని ఎంచుకుంది. ఎత్తు, బరువు, తిండి, చదువు వివరాలతో ఆగలేదు. పిల్లలు కాస్త పెద్దయ్యాక తొమ్మిది మెట్ల నిచ్చెన బొమ్మ చూపించి, ‘నీ బతుకు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది?’ అనీ అడిగారు. పసితనంలో గిడసబారితే ఇక అంతేనన్న అభిప్రాయం బలంగా ఉండేది. కానీ ఏడాది వయసులో ఎత్తు తక్కువున్న పిల్లల్లో చాలామంది ఎనిమిదేళ్లకు ఆ లోటు పూడ్చుకున్నారని తేలింది. నా దృష్టిలో అంతకన్నా విలువైన ఫలితం ఇంకొకటుంది: కరువు రోజుల్లో పెరిగిన పసివాళ్లకు జరిగిన నష్టాన్ని ఆ తర్వాత బడిలో పెట్టిన మధ్యాహ్న భోజనం చాలావరకు పూడ్చింది.

వలసపోయిన కుటుంబాలు ఇలాంటి అధ్యయనం నుంచి మధ్యలో జారిపోతే మిగిలినవాళ్ల లెక్కను ఎలా నమ్మాలని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే వెళ్లిపోయినవాళ్ల పాత వివరాలు చేతిలో ఉంటాయి కనుక, వాళ్లకూ ఉన్నవాళ్లకూ తేడా ఎంతో ఇలాంటి అధ్యయనంలో చూడొచ్చు. ఒక్కసారి చేసే సర్వేలో ఆ వీలే లేదు. ఖర్చు ఎక్కువన్నదీ నిజమే. కానీ చిన్ననాటి తిండి సంగతులు ఇరవై ఏళ్ల తర్వాత అడిగితే ఎవరికి సరిగ్గా గుర్తుంటాయి? 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అదే యువతకు ఫోన్ చేసి తిండి, పని, మనసు ఎలా ఉన్నాయో అడగగలిగారంటే, వాళ్ల బాల్యం అప్పటికే రికార్డుల్లో ఉండబట్టే.