ఇల్లు అమ్మి చూడు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము చెప్పలేదు. ఆ కాలమున గోదావరి ప్రాంతములో ఇల్లు అమ్ముకొనుట యనగా సంసారము చితికిపోయినదనుటకు గుర్తు. ఆ మాట పదిమందిలో ఎత్తుటకే జంకెడివారు. నేటి పరిస్థితి వేరు. పిల్లలు హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను స్థిరపడుచున్నారు. తల్లిదండ్రులు గతించిన పిమ్మట ఊరిలోని ఇంటికి తాళము పడును. పెరటిలోని మామిడి కాయుచునే యుండును, కోయువారుండరు. రెండు వర్షాకాలములు గడచునప్పటికి గోడలకు చెమ్మ ఎక్కును. అప్పుడు అమ్మకము మాట వచ్చును.

మా యింట జరిగినదియు ఇదియే. మేము ముగ్గురు అన్నదమ్ములము, మాకొక అక్క. రాజమహేంద్రవరములో ఆర్యాపురమున మా నాన్నగారు తమ సంపాదనతో కట్టించిన డాబా ఇల్లు అది. అమ్మవలెనని అనుకొనగానే మాకు కలిగిన మొదటి ప్రశ్న, తక్కువ ఖర్చుతో అమ్ముట ఎట్లు అనునది. ఊరిలోని మధ్యవర్తికి అప్పగింతుమా? ఆన్‌లైనులో ప్రకటన వేసి మేమే అమ్ముకొందుమా? ఈ ప్రశ్న నేడు అనేక కుటుంబములలో వినవచ్చుచున్నది. కనుక మేము నేర్చుకొన్న సంగతులను నలుగురితో పంచుకొనుట యుక్తమని తోచినది.

ముందుగా లెక్క చూతము. మన ప్రాంతములో మధ్యవర్తి సాధారణముగా ధరపై నూటికి ఒకటి లేక రెండు రూపాయలు కమీషను అడుగును. ఇల్లు 60 లక్షలకు పోయినదనుకొన్నచో, నూటికి రెండు వంతున 1,20,000 రూపాయలు. ఆ అంకె వినగానే ఎవరికైనను గుండె గుభేలుమనును. ఆన్‌లైను మార్గము చవుకగా కనబడును. మన దేశములో 99 ఏకర్స్ 2005లోను, మ్యాజిక్ బ్రిక్స్ 2006లోను మొదలైనవి. మధ్యవర్తి లేడని పేరులోనే చాటు నోబ్రోకర్ 2014లో బెంగుళూరున పుట్టినది. ఇట్టి చోట్ల సామాన్యమైన ప్రకటనకు ఖర్చు స్వల్పము. పదిమంది కంట బాగుగా పడవలెనన్నచో నిర్ణీత రుసుము చెల్లింపవలెను.

అయితే ఈ రెండు చెల్లింపులకును స్వభావములోనే భేదమున్నది. కమీషను పుచ్చుకొనువాడు అమ్మకము జరిగిననే తినును. నిర్ణీత రుసుము పుచ్చుకొన్నవాడు ముందే తినియుండును. ఇంగ్లండులో 2014లో రంగమునకు వచ్చిన పర్పుల్‌బ్రిక్స్ అను సంస్థ కమీషనుకు బదులు నిర్ణీత రుసుముతో ఇండ్లు అమ్మించెదనని ప్రకటించి మిక్కిలి పేరు గడించినది. ఇల్లు అమ్ముడుపోయినను పోకున్నను రుసుము కట్టవలసినదే అనునది దానిపై వచ్చిన పెద్ద విమర్శ. 2023లో ఆ వ్యాపారము ఒక్క పౌను ధరకు మరియొక సంస్థ పరమైనది. అంతమాత్రమున ఆన్‌లైను మార్గము పనికిరానిదని చెప్పరాదు. చవుక యన్నది కట్టు రుసుమును బట్టియే తేలదని మాత్రము గ్రహింపవలెను.

ఇక మా అనుభవము. మొదట వచ్చిన మధ్యవర్తి ఇల్లంతయు కలయజూచి, "నాకు కమీషను వద్దండి. మీ చేతికి ఇంత ఇప్పిస్తాను. ఆ పైన వచ్చినది నాది" అనెను. ఖర్చే లేదు గదా యని మేము సంతోషించితిమి. అక్క మాత్రము ఒప్పుకొనలేదు. "పైన ఎంత వస్తుందో అతనికి తెలుసు తమ్ముడూ, మనకు తెలియదు. తెలియనివాళ్ళమే కదా నష్టపోయేది?" అని యడిగినది. ఆ మాటకు మా వద్ద సమాధానము లేకపోయినది. ధర పది దినములు విచారించిన తరువాత, అతడు చెప్పిన మొత్తమునకును వీధిలోని ధరకును గల అంతరము కమీషనుకు రెండింతలు మించి యున్నట్లు తేలినది.

అంతట ఆన్‌లైనులో ప్రకటన వేసితిమి. మొదటి వారమున ఫోనులు ఎడతెగక వచ్చినవి. చేసినవారిలో పెక్కుమంది మధ్యవర్తులే. ఒకడు సైన్యములో ఉద్యోగినని చెప్పి, బయానా పంపుచున్నానని ఒక క్యూఆర్ కోడు పంపి, పిన్ నొక్కుమనెను. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ నొక్కవలసిన పని ఎన్నడును లేదు. పిన్ నొక్కినచో మన సొమ్మే పోవును. నిజముగా కొనదలచినవారును కొందరు ఫోను చేసిరి. వర్షము కురిసినపుడు వీధిలో నీరు నిలుచునా, కుళాయి ఎన్ని గంటలు వచ్చును, ప్రక్క యింటివారితో గోడ తగవేమైన గలదా యని వారు అడిగిరి. దూరముననున్న మేము ఫోనులో ఎన్ని చెప్పినను వారికి నమ్మకము కలుగలేదు. ఇల్లు చూపుటకు తాళముతో నిలబడు మనిషి కావలెను. ప్రకటన చూపులను తెచ్చినది గాని, అడుగులను తేలేకపోయినది.

కడకు అదే పేటలోని మరియొక మధ్యవర్తితో నూటికి ఒక రూపాయి చొప్పున, రిజిస్ట్రేషను నాడే చెల్లించునట్లు, కాగితము వ్రాసికొంటిమి. మా ప్రకటనను కూడ అట్లే యుంచితిమి. నెల తిరుగకుండ రెండు వీధుల అవతలనుండి కొనువారిని అతడు తెచ్చెను. వారు మా ప్రకటనలోని ఛాయాచిత్రములను ముందే చూచియుండిరట. ధరయు కుదిరినది. ఇక అయిపోయినదని మేము తలచితిమి.

అసలు కథ అప్పుడే మొదలైనది. కొనువారికి అప్పు ఇచ్చు బ్యాంకు తరపు వకీలు, నాన్నగారు స్థలము కొన్న దస్తావేజుకు ముందరి లింకు దస్తావేజును అడిగెను. అది ఏ పెట్టెలో నున్నదో మాకు తెలియదు. నాన్నగారు వీలునామా వ్రాయలేదు. కనుక కుటుంబ సభ్యుల ధ్రువపత్రము కావలసి వచ్చినది. అక్క సంతకము లేనిదే అమ్మకము చెల్లదని వకీలు చెప్పెను. అక్కకు పెండ్లినాడే పసుపుకుంకుమల క్రింద పొలమిచ్చితిమి గదా యని మాలో ఒకరు అనిరి. ఆ మాట ఆమె చెవిని పడినది. నాలుగు మాసములు మా యింట ఫోనులు మ్రోగలేదు.

చట్టము మా వాదమును మన్నింపలేదు. వీలునామా లేక గతించిన తండ్రి స్వార్జితములో కొడుకులతోపాటు కూతురికిని సమాన భాగమున్నదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పుచున్నది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో సైతము ఆడపిల్లకు హక్కు కల్పించుచు మన రాష్ట్రము 1985లో చట్టమును సవరించినది. 2005లో దేశమంతటికిని అట్టి సవరణ వచ్చినది. ఒకనాటి సాయంకాలము మేమే అక్క యింటికి పోయి, సమాన భాగము నీదేనని చెప్పి వచ్చితిమి. పొలము మాట మరల ఎత్తలేదు. ఆ మాట అమ్మకమునకు ముందే చెప్పియున్నచో నాలుగు మాసముల కాలమును, అంతకు మించిన మనఃక్లేశమును మిగిలెడివి. అమెరికాలోని మా తమ్ముడు అచటి భారత కాన్సులేటులో ధ్రువీకరించిన అధికార పత్రమును పంపెను. అట్టి పత్రము ఇచటికి చేరిన 3 నెలలలోగా దానిపై స్టాంపు సుంకము చెల్లింపవలెనని కూడ అప్పుడే తెలిసికొంటిమి.

ఈ పనిలో ఒక్కటియు మధ్యవర్తి చేయగలిగినది కాదు, ఆన్‌లైను వేదిక చేయగలిగినది కాదు. మా అమ్మకములో మిక్కిలి ఖరీదైనది ఆలస్యము. కావున ఇల్లు అమ్మదలచినవారు మొట్టమొదట కాగితములను చక్కబెట్టుకొనవలెను. అసలు దస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ, ఇంటిపన్ను రసీదులు, ప్లాను, మరణ ధ్రువపత్రము ఒక్కచోట చేర్చుకొనవలెను. మన రిజిస్ట్రేషను శాఖలో 1998లోనే కంప్యూటర్లు ప్రవేశించినవి. నేడు ఈసీని ఇంటినుండియే చూచుకొనవచ్చును. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినవి. అమలాపురములోని ఇంటి పాత దస్తావేజులో తూర్పు గోదావరి జిల్లా యని యుండును, కాని నేడది కోనసీమ జిల్లాలో నున్నది. ఇట్టి భేదమును చూచి కంగారుపడక, కొత్త దస్తావేజులో సరిగా వ్రాయించుకొన్న చాలును.

రెండవది ధర. రిజిస్ట్రేషను శాఖ చెప్పు మార్కెట్ విలువ సుంకము లెక్కకు ఏర్పడినది. అది మన ఇంటి ధర కాదు. ముగ్గురు మధ్యవర్తులను, ఇరుగుపొరుగులో ఇటీవల అమ్మినవారిని విచారించి ధర నిశ్చయింపవలెను. మూడవది ప్రకటన. గజములెన్ని, ముఖమే దిక్కు, వీధి వెడల్పెంత అను సంగతులు దాపరికము లేక వ్రాయవలెను. ఆస్తిలో తనకు తెలిసిన లోపమును కొనువారికి చెప్పుట అమ్మువాని విధియని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. నాలుగవది మధ్యవర్తితో ఒప్పందము. 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టము క్రింద రిజిస్టరైన ప్రాజెక్టులలో అమ్మకములు జరిపించు ఏజెంట్లు నమోదు చేయించుకొనవలెను. ఒక కుటుంబము తన పాత ఇల్లు అమ్ముకొనునపుడు ఆ రక్ష మనకు అక్కరకు రాదు. కనుక కమీషను ఎంత, ఎప్పుడు, ఏ పనికి అను మూడు మాటలును కాగితముపై నుండవలెను.

చివరిది సొమ్ము. స్థిరాస్తి అమ్మకములో 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనరాదను నియమము 2015లో వచ్చినది. ధర 50 లక్షలు గాని అంతకు మించి గాని యైనచో కొనువారు నూటికి ఒక రూపాయి పన్ను మినహాయించి కట్టుదురు. అమ్మువారిలో విదేశవాసి యున్నచో అతని వాటాపై మినహాయింపు చాల హెచ్చు. దానిని తగ్గించు ధ్రువపత్రమును ఆదాయపు పన్ను శాఖనుండి ముందుగా కోరవచ్చును.

ఊరిలోనే యుండి, ఇల్లు చూపుటకు తీరిక గలవారికి ఆన్‌లైను ప్రకటన చాలవరకు చాలును. దూరముననున్నవారికి నమ్మకమైన స్థానిక మధ్యవర్తి పుచ్చుకొను కమీషను దండుగ కాదు. రెండింటిని కలిపి వాడుకొనుటయు తప్పు కాదు. ఎవరికి ఏ పని అప్పగించుచున్నామో తెలిసియుండవలెను, అంతే.

రిజిస్ట్రేషను ముగిసిన నాడు మేము నలుగురమును కడసారి ఆ ఇంటికి పోయితిమి. అక్క పెరటిలోని మామిడికాయలు కోయించి నాలుగు సంచులలో సమానముగా పంచినది. తాళపు చెవులు కొనువారి చేతిలో పెట్టి వచ్చితిమి. ఇల్లు చేయి మారినది గాని, మా రాకపోకలు ఎప్పటివలెనే సాగుచున్నవి.