బిళ్ళగన్నేరు ఆకు తింటే షుగర్ తగ్గుతుందా? తగ్గితే మంచిదేనా?

ఈ ఎపిసోడ్ మా మామ్మ గురించి, ఆవిడ పెరట్లో మొక్క గురించి.

మాది సోంపేట దగ్గర పల్లెటూరు. మామ్మకి పదేళ్లుగా షుగర్. పొద్దున్నే ఐదారు బిళ్ళగన్నేరు ఆకులు నమలడం అలవాటు. "డాక్టరుకి చెప్పావా మామ్మా?" అంటే, "ఆకుకేటి చెప్పాలిరా, అదేమైనా మందా!" అంది.

పోయిన సంక్రాంతికి పండగ పనుల్లో టిఫిన్ ఆలస్యమైంది. ఆకులు నమిలింది, షుగర్ మాత్ర వేసుకుంది. కాసేపటికి ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు. మీటరు పెడితే 48. వెంటనే పంచదార నీళ్లు తాగించాం, తేరుకుంది. ఆకు వల్లే అని నేను ఖాయంగా చెప్పలేను. తిండి ఆలస్యమైంది, మాత్ర కూడా ఉంది. కానీ ఆ భయంతోనే దీని గురించి చదవడం మొదలుపెట్టాను. నేను డాక్టర్ని కాదు, ఇంజనీర్ని. చదివింది చెబుతాను, మోతాదులు మాత్రం చెప్పను.

ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. మన ఇసుక నేలల్లో నీళ్లు పోయకపోయినా పూస్తుంది. జమైకాలో కూడా షుగర్‌కి దీని ఆకు టీ తాగేవారు. 1950ల్లో ఆ ఆకులు కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో యూనివర్సిటీకి చేరాయి. అక్కడ రాబర్ట్ నోబుల్ ఎలుకల మీద పరీక్షిస్తే షుగర్ సంగతి అటుంచి, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆయన, చార్లెస్ బీర్ కలిసి 1958లో విన్‌బ్లాస్టిన్ అనే మందుని వేరు చేశారు. తర్వాత ఇదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్‌కి 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి ఈరోజుకీ వాడుతున్నారు.

"అయితే ఆకు తింటే క్యాన్సర్ కూడా పోతుందా?" అంటే, లేదండి. ఒక్క గ్రాము మందు తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. ఆసుపత్రిలో మిల్లీగ్రాముల లెక్కన, రక్తపరీక్షలు చేస్తూ ఎక్కిస్తారు. అప్పుడు కూడా నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. పెరట్లో ఆకులో ఏది ఎంతుందో ఎవరు కొలిచారు? ఎక్కువగా తీసుకున్నవాళ్లలో ఎముక మజ్జ దెబ్బతిన్న కేసుని 2004లో తైవాన్ వైద్యులు ప్రచురించారు.

మరి షుగర్ మాటేంటి? 2003లో మన ఆంధ్రా యూనివర్సిటీ ఫార్మసీ విభాగం వాళ్లు కుందేళ్లకి ఈ ఆకు రసం ఇచ్చి చూశారు. షుగర్ తగ్గింది. షుగర్ ఉన్న కుందేళ్లకే కాదు, లేనివాటికీ తగ్గింది. అంటే మామ్మలు చెప్పేది వట్టి మాట కాదు. కానీ కుందేలు మనిషి కాదు. పైగా ఆకు నిజంగా పనిచేస్తే భయపడాల్సింది అక్కడే. మాత్ర ఒకవైపు తగ్గిస్తుంది, ఆకు ఇంకోవైపు తగ్గిస్తుంది. రెండూ కలిస్తే ఎంత పడిపోతుందో చెప్పలేం.

మన ఉద్దానం వైపు ఇది ఇంకా ముఖ్యం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు... కిడ్నీ జబ్బు లేని ఊరు తక్కువ. బిళ్ళగన్నేరు వల్ల ఆ జబ్బు వస్తుందని నేను అనట్లేదు. కిడ్నీ బలహీనమైతే కొన్ని షుగర్ మాత్రలు ఒంట్లోంచి త్వరగా పోవు, వాటి ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది. దాని మీద ఆకు పసరు కూడా పడితే? పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. అక్కడికెళ్లినా, ఊళ్లో పీహెచ్‌సీకెళ్లినా మాత్రల కవరుతో పాటు తినే ఆకుల పేర్లు కూడా చెప్పండి.

ఇంకో మాట. పేరులో గన్నేరు ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు వేరే మొక్కలు. అవి గుండెని ఆపేసే విషం. "గన్నేరాకు మంచిదట" అని ఫోన్లో సగం విని ఇంకో చెట్టు ఆకు కోస్తే ప్రాణం పోతుంది. గర్భిణులు బిళ్ళగన్నేరు జోలికి కూడా పోవద్దు.

మామ్మని ఆకు మానెయ్యమని నేను చెబితే వినలేదు. డాక్టరు దగ్గర ఆవిడ చేతే చెప్పించాను. ఆయన తిట్టలేదు. "మామ్మగారూ, మాత్రా ఆకూ కలిపితే నాకు లెక్క అందదు, ఒకటి ఆపండి" అన్నారు. ఇప్పుడు ఆకు జోలికి పోవట్లేదు. పువ్వులు మాత్రం దేవుడికి పెడుతోంది.

మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లు పొద్దున్నే ఏం నములుతున్నారో ఈరోజే అడగండి. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.