చేతి కుచ్చిళ్లు - నూలు వస్త్రము



కత్తెర తాకకుండ, సూది గుచ్చకుండ, వ్రేళ్ల నేర్పుతోనే చీరను ఒంటికి తగిన ఉడుపుగా దిద్దునవి కుచ్చిళ్లు. ఈ విద్యకు గ్రంథము లేదు. తల్లి చేయుచుండగా చూచి కూతురు నేర్చినది.

ఉతికిన నూలుచీరను పలుచని గంజిలో ముంచి ఆరవేయుదురు. తడి పూర్తిగా పోకమునుపే ఇద్దరు చెరియొక కొస పట్టి లాగి, అంచుకు అంచు కలుపుదురు. పిదప వ్రేళ్ల కొలతతో మడతలు పేర్చి బరువు క్రింద నుంచిన, గంజి ఆరుకొలది గీత నిలుచును. బెంగాలులో ‘గిలా’ అను గట్టి గింజతో రుద్ది చొక్కా చేతులకు సన్నని ముడతలు తీర్చు ఆచారము కలదు.

అయితే నూలుపై నిలిచిన గీత మరుసటి ఉతుకుతో మాయమగును. పట్టుకును ఈ చిక్కు ఉన్నది. ఇటలీలోని వెనిసు నగరమున పనిచేసిన ఫోర్చునీ అను కళాకారుడు పట్టుపై సన్నని ముడతలు తీర్చు పద్ధతికి 1909లో పారిసులో హక్కు పొందెను. ఆ ఉడుపు తడిసిన, తిరిగి ముడతలకై ఆతని కార్మికశాలకే పంపవలసి వచ్చెడిది. పాలిస్టరు తీరు వేరు. వేడికి మెత్తబడి, చల్లారిన పిమ్మట ఆ మడతను విడువదు. ఒకమారు యంత్రము మడిచిన చాలును. మరల చేతితో పనిలేదు.

లోపముగా తోచు నూలు గుణమే చేతికి కూలి ఇచ్చునది. ఉతికిన ప్రతిమారును అది మనిషిని పిలుచును. కావున కుచ్చిళ్ల విద్య బ్రతుకవలెనన్న ముందు నూలుచీర బ్రతుకవలెను.

మానేరు ఒడ్డున సిరిసిల్లలో చేమగ్గముల చోటును మరమగ్గములు ఆక్రమించినవి. పాలిస్టరు నేత పెరిగినది. అప్పుల భారముతో పలువురు నేతకార్మికులు ప్రాణములు తీసికొనిన దుఃఖమును ఆ పట్టణము చూచినది. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరల నేతను అప్పగింపగా మరమగ్గములకు పని దొరకినది. కాని ఒక్క కొనుగోలుదారునిపై ఆధారపడిన మగ్గము, ఆ కొనుగోలు ఆగిననాడు ఆగును.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో వేలకొలది స్త్రీలు ఇంటివద్ద బీడీలు చుట్టి, వేయింటి లెక్కన కూలి పొందుచు వచ్చిరి. తునికాకును ఒక్క కొలతగా చుట్టు ఆ వ్రేళ్లకు మడత కొలత నేర్పుట కష్టము కాదు. పెండ్లిచీరలకు ముందుగనే కుచ్చిళ్లు తీర్చి ఇచ్చుట నేడు పట్టణములలో ఉపాధి అయినది. పొగాకు ధూళి లేని ఈ పని పల్లెకును తగినదే.

గ్రంథాలయమునకు వచ్చువారు ఇందుకు పూనుకొనవచ్చును. సెలవుదినమున నేర్చిన పెద్దల ఎదుట పిల్లలను కూర్చుండబెట్టవలెను. ఇంట జరుగు శుభకార్యమునకు ఒక్క చేమగ్గపు నూలుచీరయైన కొనవలెను. కుచ్చిళ్లు తీర్చినవారికి మెచ్చుకోలుతో సరిపెట్టక కూలి చెల్లింపవలెను. కూలి గిట్టిన విద్యనే పిల్లలు నేర్తురు. పిల్లలు నేర్చిన విద్యయే నిలుచును.