గడి వెనుక నున్న యక్షరము
(ఉపన్యాస పాఠము)



పాత గ్రంథములను, లెక్కలను కంప్యూటరులో వ్రాసి భద్రపఱచుట స్తుత్యమైన పని. అయితే అందొక చిక్కు కలదు. తెరమీఁద ఒకానొక అక్షరమునకు బదులు ఖాళీ గడి కనఁబడును. వ్రాయువాఁడు దానిని తప్పని తలఁచి తుడిచివేయును. అనర్థ మచ్చటనే పుట్టుచున్నది.

యంత్రమునకు అక్షరము వేఱు, ఆకారము వేఱు. యూనికోడు అను ప్రపంచవ్యాప్తమైన పట్టికలో ప్రతి యక్షరమునకు నొక సంఖ్య కలదు. యంత్రము దాఁచుకొనునది ఆ సంఖ్యనే. ఆకారము నిచ్చునది ఫాంటు. అచ్చుకూటమున టైపుల పెట్టె యెట్టిదో యిదియు నట్టిదే. పెట్టెలో టైపు లేనిచో కంపోజిటరు వేఱొక పెట్టె వెదకినట్లు, యంత్రమును వేఱొక ఫాంటునుండి ఎరవు తెచ్చును. అందుచేతనే ఒక్కొక్కప్పుడు ఒకే పంక్తిలో ఒక యక్షరము లావుగను, మఱొకటి సన్నముగను కనఁబడును. ఎచ్చటను దొరకనిచో గడిని చూపును.

ఈ కష్టము పాత తెలుఁగునకే యెక్కువ. మన లిపి 1991లోనే యూనికోడున చేరినను, దంత్యములగు ౘ, ౙ లును, కరణముల భిన్నాంకములును 2008లో గాని చేరలేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుఁగు ఫాంటునకు మన గోదావరిపాయ గౌతమి పేరే పెట్టిరి. కాని పట్టికలోనే లేని చిహ్నములు నాఁటి ఫాంటున నెట్లుండును?

భిన్నాంకముల సంగతి వినుఁడు. తూమునకు 4 కుంచములు, కుంచమునకు 4 మానికలు, మానికకు 4 సోలలు, సోలకు 4 గిద్దలు. అన్నియు నాలుగింటి లెక్కయే. కావున ౹ కాలు, ౺ అర, ౻ ముక్కాలు అని నిలువు గీఁతలును, ౼ వీసము, ౽ పరక, ౾ మూఁడు వీసములు అని యడ్డగీఁతలును ఏర్పడినవి. 5 తూముల ప్రక్కనున్న ౻ గడిగా కనఁబడఁగా దానిని తుడిచినచో, 3 కుంచముల ధాన్యము లెక్కనుండి మాయమగును. 1984లో కరణముల పదవులు రద్దయినవి. ఆ గీఁతలను చదువఁగలవారు నానాఁటికి తగ్గుచున్నారు. తుడిచిన దానిని మఱల పూరించువా రెవరు?

గడి కనఁబడినంతమాత్రమున అక్షరము పోలేదు. సంఖ్య యచ్చటనే యున్నది. తగిన ఫాంటును చేర్చినంతనే ఆకారము కనఁబడును. ఈ గడులను పాశ్చాత్యులు సోయాపాల ముద్ద పేర ‘టోఫు’ అని పరిహసింతురు. ‘టోఫు వలదు’ అను తలంపుతో పేరిడిన ‘నోటో’ ఫాంట్లు ఉచితముగా లభించును. వానిలో తెలుఁగు ఫాంటును తెచ్చుకొనవచ్చును.

అయితే గడికిని ప్రశ్నార్థకమునకును భేదము కలదు. పాత పద్ధతిలో భద్రపఱచినపుడు, ఆ పద్ధతి కెఱుకలేని యక్షరముల చోట ప్రశ్నార్థకమే వ్రాయఁబడును. అప్పుడు సంఖ్యయే నశించును. ఏ ఫాంటును దానిని తిరిగి తేఁజాలదు. కావున యూటీఎఫ్-8 అను పద్ధతిలోనే భద్రపఱుపవలెను.

మన రాజోలు సీమలో ఏ యింటి అటకమీఁదనైన కవిలెకట్ట దొరకినచో గ్రంథాలయమునకు చేర్పుఁడు. కంప్యూటరులో వ్రాయు యువకులారా! గడి కనఁబడినచోట చేయి నిలుపుఁడు. మూలముతో సరిచూడుఁడు. నకలు సిద్ధమైనదని మూలమును పాఱవేయకుఁడు.